రెండు గంటలకోసారి

తార్నాకలోని ఆ ఇంట్లో రాత్రిపూట నాలుగుసార్లు అలారం మోగుతుంది. పదికి, పన్నెండుకు, రెండుకు, నాలుగుకు. మోగిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, మంచంమీదున్న పెద్దాయన్ని ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పుతారు.

ఆయన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రోజూ తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వచ్చేవారు. పక్షవాతంతో కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో భార్య రాత్రిళ్లు ఆయన్ని కదిలించేవారు కాదు. 'పాపం, ఇప్పుడే కునుకు పట్టింది, పడుకోనీ' అనుకునేవారు. మూడోవారంలో ఒళ్లు తుడుస్తుంటే నడుం కింద రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. నూనె రాసి గట్టిగా మర్దన చేశారు. నాలుగు రోజులకు చర్మం ఊడింది. ప్రేమతో చేసిన ఆ రెండు పనులే పుండుకు దారి తీశాయని నర్సు చెప్పేదాకా తెలియలేదు.

మనం నిద్రలోనూ తెలియకుండానే ఒత్తిగిలుతుంటాం. కదల్లేనివారికి ఆ వీలుండదు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగి, రక్తం అందక అక్కడి కండ చచ్చిపోతుంది. పైకి చిన్నగా ఉన్నా లోపల లోతుగా ఉండొచ్చు. 'సూపర్‌మ్యాన్' నటుడు క్రిస్టఫర్ రీవ్ 2004లో చనిపోయేనాటికి ఇలాంటి పుండులో చేరిన ఇన్ఫెక్షన్‌కే చికిత్స పొందుతున్నారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ వెన్ను దెబ్బతిన్న సైనికులను రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి తిప్పించేవారు. ఇక బతకరనుకున్నవాళ్లు ఎందరో బతికారు. పరుపును, రోగి పరిస్థితిని బట్టి డాక్టర్లు ఆ గడువు మార్చొచ్చు. తిప్పడం మాత్రం తప్పదు.

నర్సు ఆవిడకు ఒక్కొక్కటే నేర్పింది. రోజూ నడుం కింద, తుంటి, మడమలు, మోచేతులు చూడాలి. వేలితో నొక్కి వదిలినా తెల్లబడని మచ్చ ప్రమాద సూచన. చామనఛాయ ఒంటిమీద ఎరుపు తెలియకపోవచ్చు. అక్కడ నల్లగా కమిలినట్టు, వేడిగా, గట్టిగా ఉంటుంది. మచ్చను రుద్దకూడదు. మనిషిని ఈడ్చకుండా దుప్పటితో ఇద్దరు పట్టి ఎత్తాలి. వీపు వెనక తలగడ పెట్టి కాస్త వాలుగా పడుకోబెట్టాలి. పిక్కల కింద మరోటి పెడితే మడమలు పరుపుకు ఆనవు. పక్క తడవగానే మార్చాలి. గాలిపరుపు మంచిదే కానీ, అది ఉంది కదా అని తిప్పడం మానకూడదు.

పుండు పడ్డాక దానిమీద బరువు పడకుండా చూడటమే మొదటి వైద్యం. సెలైన్‌తో కడిగి డ్రెస్సింగ్ చేయాలి. పసుపు, స్పిరిట్ పెట్టకూడదు. చీము, దుర్వాసన, జ్వరం, నల్లబడటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తిండీ మందే. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫార్సు చేసింది. పుండు మానడానికి 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి. అందుకే ఆయన కంచంలో గుడ్లు, పప్పు, పెరుగు పెరిగాయి. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టర్నడిగి తీరాలి.

ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదిది. నెల తిరక్కుండానే ఆవిడకు నడుం పట్టేసింది. ఇప్పుడు మొదటి రెండు అలారాలూ కొడుకువి, తర్వాతవి ఆవిడవి. మూడు నెలలకు పుండు పూడింది. నడక ఇంకా రాలేదు.

"ఏమండీ, ఇటు తిరుగుదామా?" అంటారావిడ, నాలుగింటికి. ఆయన కళ్లు మూసుకునే తలూపుతారు. ఒకప్పుడు క్యాంపస్‌కు బయల్దేరే వేళ అది.