ఏ లెన్సు తీసుకువెళ్ళాలో భుజాన్ని అడగండి



చలికాలపు పక్షులను చూడడానికి నేలపట్టుకు, పులికాట్ సరస్సుకు వెళ్ళదలచి మీలో కొందరు ఈపాటికే కెమెరా సంచులు సర్దుకుంటూ ఉంటారు. నేనూ ఆ పనిలోనే ఉన్నాను. అరవై దాటినవారు ఆ సంచిని ఎలా నింపుకోవాలో వైద్యునిగా, ఛాయాచిత్రాలపై మక్కువ గలవానిగా నాలుగు మాటలు మనవి చేస్తాను.

వృద్ధులకు మందుచీటీ రాసేటప్పుడు మేము పాటించే నియమం ఒకటుంది. ప్రతి మందుకూ ఒక కారణం ఉండాలి. కారణం లేనిదాన్ని తొలగించాలి. కెమెరా సంచికీ ఇదే వర్తిస్తుంది. “ఎందుకైనా మంచిది” అనుకుంటూ చేర్చిన ప్రతి వస్తువునూ చివరకు మోయవలసినది మన వెన్నెముకే.

నా సంగతే చూడండి. నా నికాన్ డి7500 కెమెరా బ్యాటరీతో కలిపి 720 గ్రాములు. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న 200-500 లెన్సు 2.3 కిలోలు. అంటే ఈ రెండే మూడు కిలోలు. ట్రైపాడ్, నీళ్ళ సీసా చేర్చితే ఆరు కిలోలకు తగ్గదు.

బరువు కంటే దాన్ని ఎలా పట్టుకుంటామన్నది మరింత ముఖ్యం. ఒంటికి ఆనించి పట్టుకున్న వస్తువు కంటే చేతులు చాచి పట్టుకున్న వస్తువు వెన్నుకు, భుజాలకు ఎన్నో రెట్లు భారమవుతుంది. పొడవైన లెన్సు బరువంతా ముందుకే ఉంటుంది. ఎగిరే పక్షి కోసం దాన్ని పైకెత్తినప్పుడు భుజం కీలును కాపాడే రొటేటర్ కఫ్ స్నాయువులు ఎముకల నడుమ నలుగుతాయి. వయసుతో అవి సహజంగానే అరుగుతాయి. నా ఎడమ భుజంలో అలా అరిగినట్లు నిరుడు స్కానింగులో తేలింది.

అందువల్ల ఈసారి పెద్ద లెన్సును బీరువాలోనే ఉంచుతున్నాను. మనసు నొచ్చుకోలేదని చెప్పలేను. దాని స్థానంలో 755 గ్రాముల 300 పీఎఫ్ లెన్సు, పరిసరాల దృశ్యాలకు 205 గ్రాముల 18-55, ట్రైపాడ్‌కు బదులు తేలికైన మోనోపాడ్ తీసుకుంటున్నాను. కెమెరా, రెండు లెన్సులు కలిపి 1.7 కిలోలు దాటవు.

దీనివల్ల పోగొట్టుకునేది ఎంత? నేలపట్టులో గూళ్ళు కట్టుకునే గూడబాతులు పెద్ద పక్షులు. వాటికి 300 చాలు. పులికాట్‌లో రాజహంసలు చాలా దూరాన నిలుస్తాయి; అక్కడ 500 కూడా తరచుగా చాలదు. అందుకు మా శ్రీమతి మెడలోని బైనాక్యులర్సే ఉత్తమం. పెద్ద లెన్సుతో అరగంటకే అలసి కూర్చోవడం కంటే, చిన్న లెన్సుతో ఉదయమంతా నిలబడగలగడం మేలు కాదా?

మీరు సర్దుకునేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి. ఒక భుజానికి వేలాడే సంచి వద్దు. రెండు పట్టీలు గలదాన్ని వీపుకు ఆనేలా బిగించుకోండి. బరువైన వస్తువును వీపు వైపునే అమర్చండి. కెమెరాను మెడకు వేలాడదీయకండి. ప్రయాణానికి వారం ముందే నిండిన సంచితో ఇంటి చుట్టూ అరగంట నడిచి చూడండి. నొప్పి పుడితే ఒక వస్తువు తీసివేయండి.

మందులకు తొలి స్థానం కేటాయించి, మిగిలిన చోటులోనే లెన్సులు సర్దండి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలరాదు. మధుమేహులు కాస్త చక్కెరనో గ్లూకోజునో అందుబాటులో ఉంచుకోవాలి.

చివరిగా ఒక హెచ్చరిక. సంచి మోస్తుండగా ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం కలిగితే కండరం పట్టిందని సరిపెట్టుకోకండి. సంచిని అక్కడే దించి వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షులు మళ్ళీ వస్తాయి. వాటిని చూడడానికి మనం ఉండాలి.