స్నూపీకి కూడా బదిలీ!

బదిలీ ఆర్డరు చేతికొచ్చాక ఇంట్లో ఎవరి పని ఏమిటో అందరికీ తెలుసు. పిల్లల టీసీలు, గ్యాస్ కనెక్షన్ మార్పు, లారీ బేరం... ఒకదాని వెనక ఒకటి అయిపోతుంటాయి. గుమ్మం దగ్గర పడుకుని ఈ హడావుడంతా చూస్తున్న పదకొండేళ్ల లాబ్రడార్ సంగతే చివరిదాకా ఎవరికీ గుర్తురాదు!

సైనిక్‌పురిలోని ఓ కుటుంబానికి ఓ మే నెలలో ఇదే చిక్కొచ్చిపడింది. వెళ్లాల్సింది ఢిల్లీకి. ఇంట్లో భార్యాభర్తలు, డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి, నాయనమ్మ. వాళ్లతోపాటు స్నూపీ, మల్లి అనే పిల్లి. 'శామీర్‌పేట వైపు తెలిసినవాళ్ల తోట ఉంది, కుక్కను అక్కడ వదిలేయండి, హాయిగా బతుకుతుంది' అని చుట్టాలు సలహా ఇచ్చారు. నాయనమ్మ ఒక్కమాటే అంది. 'అయితే నన్నూ ఆ తోటలోనే దింపేసి పొండిరా. నావీ మోకాళ్ల నొప్పులేగా!' చర్చ అక్కడితో ఆగిపోయింది.

నిజానికి ఇల్లు మారేటప్పుడు వీధిపాలయ్యే పెంపుడు జంతువులకు లెక్కలేదు. పెంచుకున్న జంతువును తిండీనీళ్లూ లేక అలమటించేలా వదిలేసి వెళ్లడం 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

మొదట రైలే అనుకున్నారు. ఉదయాన్నే నాంపల్లిలో బయల్దేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మర్నాటి పొద్దుటికల్లా న్యూఢిల్లీ చేరుస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయేదాకా ఏపీ ఎక్స్‌ప్రెస్‌గా అందరికీ తెలిసిన బండే అది. కుక్కను వెంట తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరుండే కూపేగానీ, నలుగురుండే క్యాబిన్‌గానీ మొత్తం మనదే అయ్యుండాలి. టికెట్టు కొన్నంత మాత్రాన కూపే దొరుకుతుందన్న భరోసా లేదు. చార్టు తయారయ్యాకే తెలిసేది. దొరక్కపోతే కుక్క ప్రయాణం గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్‌లోని ఇనప పెట్టెలో! ఒకరోజుకు పైగా ఆ చప్పుడులో, మే నెల వేడిలో... కీళ్లనొప్పులున్న ముసలి కుక్కను అలా పంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. విమానంలో అంత పెద్ద కుక్కను మన పక్కన కూర్చోనివ్వరు, సరకుల అరలో వెళ్లాలి. అదీ వద్దనుకున్నారు.

చివరికి తేలింది కారు. అత్తాకోడళ్లు రైల్లో, తండ్రీకూతుళ్లు స్నూపీ, మల్లిలతో కార్లో. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 1,550 కిలోమీటర్లు. కుర్రాళ్లు రెండ్రోజుల్లో లాగించేసే దూరమే. స్నూపీ కోసం నాలుగు రోజులు పెట్టుకున్నారు. రాత్రి బసలు నాగపూర్, సాగర్, గ్వాలియర్.

నెల ముందే పశువైద్యుడి దగ్గరికి వెళ్లారు. రేబిస్ టీకా గడువు చూసుకుని, బయల్దేరే ముందు ఆరోగ్య ధ్రువపత్రం రాయించుకున్నారు. మత్తుమందు ఇస్తే దారిపొడుగునా పడుకుంటుంది కదా అంటే డాక్టరు కుదరదన్నారు. వేడిలో మత్తుమందు ముసలి కుక్క ప్రాణం మీదికి తెస్తుందట. 1978 నాటి జంతు రవాణా నిబంధనల్లో ఒక మంచి లెక్కుంది. ఎండాకాలంలో నాలుగు గంటలకోసారి, చలికాలంలో ఆరు గంటలకోసారి నీళ్లు పెట్టాలి. పన్నెండు గంటలకోసారి తిండి. దాన్నే ప్రయాణం టైంటేబుల్‌గా రాసి డాష్‌బోర్డుకు అంటించింది అమ్మాయి. ఇంట్లోవే రెండు పెద్ద క్యాన్ల నీళ్లు డిక్కీలో పెట్టారు. ఊరు మారితే మనిషికన్నా ముందు నీళ్లు తేడా చేసేది కుక్కకే మరి! స్నూపీ పడుకునే పాత బొంతను ఉతక్కుండా కార్లోనే పరిచారు. ఆ బొంత లారీ ఎక్కితే కొత్తింట్లో దానికి తెలిసిన వాసనంటూ ఏదీ ఉండదు.

తెల్లవారుజామున మూడున్నరకు బండి కదిలింది. కామారెడ్డి దాటేసరికి వెలుగొచ్చింది. ఆర్మూర్ దగ్గర ఒకదానిమీదొకటి పేర్చినట్టుండే బండరాళ్ల గుట్టలు, సోన్ దగ్గర మే నెలలో పాయలుగా మిగిలిన గోదావరి, ఆపైన నిర్మల్ ఘాట్... మల్లి బుట్టలోంచి అరుస్తూనే ఉంది. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే తెలుగు బోర్డులు అయిపోతాయి. అక్కడే ఓ ధాబా ముందు కుక్కను దింపబోతే ఊరకుక్కలు నాలుగు గుంపుగా వచ్చాయి. వాటి ఇలాకా మరి! ఆ తర్వాతెప్పుడూ ధాబాల దగ్గర దింపలేదు. మనుషుల్లేని చెట్టునీడ చూసుకుని, గొలుసు చేతికి చుట్టుకునే దింపారు. గొలుసు వదిలితే హైవే మీద వెతుక్కోవడమే. మెడపట్టీ మీద ఫోన్ నంబరు అందుకే రాయించారు.

నాగపూర్‌లో మధ్యాహ్నం తారురోడ్డు మీద చెయ్యి ఆనించే పరిస్థితి లేదు. అలాంటి రోడ్డుమీద కుక్కను నడిపిస్తే పాదాలు కాలతాయి. కిటికీలు మూసి ఏసీ ఆపిన కార్లో పది నిమిషాలు వదిలినా ప్రమాదమే. తండ్రి టీ తాగుతుంటే కూతురు కార్లో, కూతురు వెళ్తే తండ్రి కార్లో. ఏసీ మాత్రం ఆపలేదు.

రెండోరోజు దారే అన్నిటికన్నా బావుంది. నాగపూర్ దాటాక పెంచ్ అడవి. అక్కడ రోడ్డును స్తంభాల మీదికి ఎత్తారు. పులులు, దుప్పులు కిందనుంచి దాటాలని! మహారాష్ట్ర వైపే ఇలాంటివి తొమ్మిది కట్టారు. కింద పులులు నడుస్తున్న ఫొటోలు కెమెరాల్లో పడ్డాయి కూడా. జంతువు కోసం లారీల దారినే పైకి జరిపిన చోట స్నూపీ గుర్రుపెట్టి నిద్రపోయింది. లఖ్నాదౌన్, నర్సింగ్‌పూర్... బర్మాన్ దగ్గర నర్మద దాటారు. ఓ హోటల్లో ఉప్పులేని పెరుగన్నం అడిగితే ఆ కుర్రాడికి ఎంతకీ అర్థంకాలేదు. ఎవరికని అడిగి, కుక్కకని తెలిశాక మాత్రం డబ్బులు తీసుకోలేదు.

సాగర్‌లో అసలు పరీక్ష. 'కుక్కను తెచ్చుకోండి' అని ఫోన్లో ఒప్పుకున్న లాడ్జివాళ్లు స్నూపీ సైజు చూసి అడ్డం తిరిగారు. మరో మూడు చోట్లా అదే మాట. రాత్రి తొమ్మిదిన్నరకు నాలుగో చోట, ముందే అదనంగా కొంత సొమ్ము కట్టించుకుని వెనకవైపు గది ఇచ్చారు. మెట్లెక్కే పని లేకుండా కింది అంతస్తే దొరకడం ఒక్కటే అదృష్టం. ఎన్ని కిలోల కుక్కో ఫోన్లోనే చెప్పి, సరేనన్న మాట మెసేజ్‌గా పెట్టించుకోవాల్సింది. గ్వాలియర్‌కు ఆ పనే చేశారు. అప్పటికే ఢిల్లీ చేరిన నాయనమ్మ గంటకోసారి ఫోన్. 'దానికి నీళ్లు పట్టారా?' అనే తప్ప కొడుకు తిన్నాడో లేదో అడిగింది లేదు!

నాలుగోరోజు చంబల్ దాటి, ఆగ్రా పక్కనుంచి సాయంత్రానికి మయూర్ విహార్‌లోని ఫ్లాటుకు చేరారు. లిఫ్టు దగ్గర సంఘం పెద్దమనిషి 'ఇక్కడ కుక్కలు నిషేధం' అన్నాడు. అలా నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. దాని కాపీ అమ్మాయి ఫైల్లో ఉంది, టీకాల కార్డు పక్కనే. ఆయన చదువుకుని, గొలుసు లేకుండా తిప్పొద్దని మాత్రం చెప్పి దారిచ్చాడు. అది న్యాయమైన మాటే. మర్నాడే నగరపాలక సంస్థలో కుక్క పేరు నమోదుకు కాగితాలు పెట్టారు.

సామాన్ల లారీ ఇంకో రెండ్రోజులకుగానీ రాలేదు. మల్లిని ఒక్క గదిలోనే ఉంచి తలుపేశారు. పిల్లికి ఇల్లంతా ఒకేసారి చూపిస్తే బెదిరి కిటికీ దూకేస్తుంది. స్నూపీ మొదటి రాత్రి అన్నం ముట్టలేదు. నాయనమ్మ బొంత పక్కనే చాపేసుకుని పడుకుంది. తెల్లారాక గిన్నెలో సగం ఢిల్లీ నీళ్లు, సగం క్యానులో మిగిలిన సైనిక్‌పురి నీళ్లు కలిపి పెడితే తాగింది. అలా మూడ్రోజులు కలిపారు. నాలుగోరోజుకు క్యాను ఖాళీ.