పద్దెనిమిది అడుగుల స్థలానికి మేస్త్రీ కావాలి!

ఇల్లు కట్టించడం అనగానే అది మగవాళ్ళ వ్యవహారంలే అని మనం వంటింట్లోకి వెళ్ళిపోతాం. కానీ ఆ ఇంట్లో పగలంతా ఉండేది ఎవరండీ? మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని బియ్యం ఏరుకోవాల్సి వస్తే ఆ తిప్పలు ఎవరివి? అందుకే మేస్త్రీని కుదుర్చుకునేటప్పుడు మనమూ పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగాలంటాను. స్థలం సన్నగా, పొడుగ్గా ఉంటే మరీను.

ఇప్పుడు టౌన్లలో అలాంటి స్థలాలే ఎక్కువ. పెద్దవాళ్ళు ఎప్పుడో కొన్న జాగాని అన్నదమ్ములు పంచుకుంటారు. మాదీ అంతే. గుంటూరులో మా మామగారి స్థలం 288 గజాలు. రోడ్డు వైపు 36 అడుగులు, లోపలికి 72. మావారికీ మా మరిదికీ సగం సగం చేస్తే చెరో 18 అడుగుల పట్టీ వచ్చింది. కాగితం మీద 144 గజాలంటే బాగానే ఉంటుంది. వెళ్ళి నిలబడి చూస్తే రైలు పెట్టె! అందులో ఇరుపక్కలా మీటరు చొప్పున ఖాళీ వదలాలంటే ఇంటికి మిగిలేది పదకొండున్నర అడుగులు కూడా కాదు. అదే రెండిళ్ళూ ఒకదానికొకటి ఆనుకుని జంటగా వస్తే, బయటి వైపు మాత్రమే వదిలి, గోడలు పోను లోపల పదమూడు అడుగుల గది వస్తుంది. ఇలా కట్టడానికి అనుమతి ఎలా వస్తుందో లైసెన్సు ఉన్న ఇంజనీరుని అడగండి. పంపకాల రిజిస్ట్రేషన్ అయ్యాక కాదు, అంతకు ముందే. భవన నిబంధనలు 2012లో ఒకసారి వచ్చాయి, 2017లో మన రాష్ట్రానికి మళ్ళీ కొత్తవి వచ్చాయి, ఆపైన సవరణలూ ఉన్నాయి. పక్కింటివాళ్ళు ఎలా కట్టుకున్నారో చూసి మనమూ అలాగే కట్టేస్తామంటే కుదరదు.

ఇక మేస్త్రీ సంగతి. మొదట వచ్చినాయన స్థలంలో అడుగు పెట్టకుండానే, గేటు దగ్గర నిలబడి చదరపు అడుగుకి ఇంత అని రేటు చెప్పేశాడు. మావారికి ఆ రేటు నచ్చింది. ఇందులో పడేది మా మామగారి రిటైర్మెంటు డబ్బు, మా తోడికోడలి చీటీ డబ్బు, నా గాజులు. గేటు దగ్గర చెప్పిన రేటుకి అవన్నీ అప్పగించడానికి నాకు మాత్రం మనసొప్పలేదు.

"అక్కా, ఇలాంటి ఇళ్ళు ఊళ్ళో ఎన్ని లేవు? వెళ్ళి చూసొద్దాం" అంది మా తోడికోడలు. నాలుగు రోజులు వరసగా పన్నెండింటికి బయల్దేరి సన్నటి ఇళ్ళు ఎక్కడ కనిపిస్తే అక్కడ తలుపు తట్టాం. నమ్మండి, ఒక్కరూ విసుక్కోలేదు. మంచినీళ్ళిచ్చి మరీ ఇల్లంతా చూపించారు. ఇంటాయన్ని అడిగితే ఎంత ఖర్చయిందో చెబుతాడు. ఇల్లాలిని అడిగితే ఎక్కడ చెమ్మ దిగుతోందో చెబుతుంది. మీరూ కొత్తగా గృహప్రవేశం అయిన ఇల్లు కాకుండా, రెండు మూడు వానాకాలాలు చూసిన ఇంటికి వెళ్ళండి. మధ్య గదిలో లైటు ఆర్పమనండి. పేపరు చదవగలిగితే ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు రాసుకోండి. పూర్వం మండువా లోగిళ్ళలో నడిమధ్య ఆకాశం కనిపించేది చూశారా, అదే సూత్రం. పొడుగాటి ఇంటికి మధ్యలో నాలుగడుగుల ఖాళీ అయినా పైదాకా వదిలితే వెలుతురూ గాలీ దిగుతాయి. గది పెద్దది చేస్తానని దాన్ని మింగేసే మేస్త్రీలున్నారు, జాగ్రత్త.

అలా దొరికిన మూడు పేర్లలోంచి ఒకాయన వచ్చాడు. రేటు చెప్పలేదు. టేపు తీసి నాలుగు మూలలూ కొలిచాడు. లారీ ఎంతవరకూ వస్తుంది, ఇసుక ఎక్కడ దింపాలి, పక్కవాళ్ళ పాత గోడకి పునాది ఎంత లోతుంది అని అడిగాడు. మాది నల్లరేగడి నేల కదా, వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. "పాత గోడ పక్కన కందకం మొత్తం ఒకేసారి తవ్వకూడదమ్మా, ముక్కలు ముక్కలుగా తవ్వాలి" అన్నాడు. రెండిళ్ళూ కలిసే చోట పిల్లర్లకి పునాది అవతలి వైపుకి చాపలేం కాబట్టి ఇంజనీరు డ్రాయింగు లేకుండా పని మొదలుపెట్టనన్నాడు. అన్నదమ్ములు ఒకేసారి కట్టుకుంటే ఈ బాధ తగ్గుతుందట. మా మరిది రెండేళ్ళు ఆగుదామనుకున్నవాడు ఆ మాటతో ఒప్పుకున్నాడు.

మెట్ల గురించి నేనడిగాను. సన్నటి ఇంట్లో జాగా మిగల్చడానికి మొదట కోత పడేది మెట్లకే. పదడుగుల ఎత్తుకి ఏడేసి అంగుళాల మెట్లయితే పదిహేడు పడతాయి. కాలు పెట్టే చోటు పదేసి అంగుళాలు ఉంచితే తిన్నగా పదమూడడుగులకి పైనే పొడుగు కావాలి. దాన్ని తొమ్మిదడుగుల్లో సర్దేస్తాననే మనిషిని నమ్మకండి. తడి బట్టల బకెట్టుతో డాబా ఎక్కేది ఆయన కాదు, మన మోకాళ్ళు.

మధ్య గోడ ఒక్కటే వేసుకుంటే ఖర్చు కలిసొస్తుంది కదా అంటారు. వద్దు. రేపు ఒకరు అమ్ముకోవాలన్నా, పడగొట్టి కట్టుకోవాలన్నా ఆ ఒక్క గోడే తగువు తెస్తుంది. ఎవరి గోడ వారిదే. ఆ గోడల్లోంచి నీళ్ళ పైపులు కూడా పోనివ్వకండి. అవతలి బాత్రూము చెమ్మ ఇవతలి దేవుడి గదిలో తేలితే తోడికోడళ్ళం ఎన్నాళ్ళు నవ్వుతూ మాట్లాడుకుంటాం చెప్పండి!

ఒప్పందం తెల్లకాగితం మీదైనా సరే, రాయించుకోండి. చదరపు అడుగుల లెక్కలో సజ్జలు, మెట్ల గది, పిట్టగోడ కలుస్తాయా లేదా? లేబరు ఒక్కటేనా, సామాను కూడా ఆయనదేనా? డబ్బు పునాదికి ఇంత, శ్లాబుకి ఇంత అని పని అయిన మేరకే ఇవ్వండి. నీళ్ళు పట్టడం ఎవరి పనో కూడా రాయండి. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ రకానికి కనీసం పది రోజులు కాంక్రీటు తడి ఆరకూడదు. మా ఇంట్లో ఆ పని మా మామగారు తీసుకున్నారు, పొద్దున్నే పైపు పట్టుకుని.

రెండు గోడల మధ్య సన్నటి సందు ఉంటుంది కదా, డాబా మీద దానికి మూత వేయకపోతే వాన నీరంతా అందులోకే దిగుతుంది. ఆ మూత ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి. మాది సగం సగం.