ఆ కాగితం చించింది నేనే



పోయిన సంచికలో మన గోడపత్రిక కుడిపక్క కింది మూల ఖాళీగా ఉండింది. మీరందరూ చూసే ఉంటారు. చార్టు మీద మైదా బంక మరక, దానికి అతుక్కున్న కాగితం పేలిక ఒకటి, అంతే మిగిలింది. ఎవరు చించారని ప్రేయర్లో అడిగినప్పుడు ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ రాత్రి ఆరో తరగతి తమ్ముడొకడు నీళ్ళకని లేచి వరండాలోకి వచ్చాడని తేలింది. దాంతో వాడే చించాడన్నారు. వాడు కాదు కాదని ఏడ్చినాడు. మూడు రోజులు వరండా అంతా వాడే ఊడ్చాడు. నేను తొమ్మిదో తరగతి వరసలో ముందు నుంచి నాలుగోవాణ్ణి. వాడు చీపురు పట్టుకుని నా ముందు నుంచే పోయినాడు. నేను నా కాళ్ళు చూసుకుంటా నిలబడినాను.

ఆ కాగితం చించింది నేను. దాంట్లో ఉన్నది రాసింది కూడా నేనే.

ఎందుకు చించానో చెప్తాను. మన తెలుగు సారు ఈసారి పుస్తకాల్లోది ఎత్తి రాయొద్దు, మీకు బాగా తెలిసింది రాయండి అన్నారు. నాకు బాగా తెలిసింది మా నాయన ఎలకలు పట్టడం. అదే రాసినాను. ‘మా నాయన పని’ అని పేరు పెట్టినాను. సారు ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది బాగుందన్నారు. నేనే స్కెచ్ పెన్నుతో చుట్టూ అంచు గీసి అంటించాను. రెండో రోజు సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక చూస్తే నా పేరు కింద పెన్సిలుతో ‘ఎలకలోడు’ అని రాసి ఉంది. పక్కన తోక బొమ్మ కూడా. బొమ్మ బాగానే వేశారు, అది వేరే సంగతి. రాత్రి అందరూ పడుకున్నాక లేచి పోయి చించేసినాను. ముక్కలు చేసి బావి పక్కన పారేసినాను. ఎవరు రాశారో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. మనలో సగం మంది ఇండ్లలో అదే పని. రాసినవాడి ఇంట్లో కూడా అదే అయ్యుండొచ్చు.

తర్వాత దసరా సెలవులొచ్చాయి. మా మేనమామ వేటపాలెం అవతల రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. ఈసారి అమ్మ నన్ను ఆయన దగ్గరికి పంపించింది. తడలో బండెక్కి, గూడూరులో మారి, ఒంగోలు, చినగంజాం దాటితే వేటపాలెం వస్తుంది. స్టేషన్ బయటే జీడిపప్పు వాసన. ఆ ఊరు దానికి పేరుపడిందంట. నేత మగ్గాలకి కూడా పేరే.

ఒకరోజు మామ ఊళ్ళో ఏదో పని మీద తిరగాల్సి వచ్చి, ‘అల్లుడా, ఎండగా ఉంది, నువ్వు ఈ నీడన కూర్చో. మంచినీళ్ళు అడిగితే ఇస్తారు, మంచోళ్ళు’ అని ఒక పాత కట్టడం ముందర దింపి పోయినాడు. మా మామకి చదువు లేదు. ఆయనకి అది నీళ్ళిచ్చే ఇల్లు. పైన బోర్డు చదివితే ‘సారస్వత నికేతనం’ అని ఉంది. గ్రంథాలయం అది.

మెట్ల మీదే కూర్చున్నాను. లోపలికి పోవాలనిపించింది గానీ కాళ్ళు రాలేదు. నా చొక్కా చెరువు బురదతో ఉంది. ఎవరురా నువ్వంటే ఏం చెప్పాలా అని భయం. లోపల నుంచి ఒక పెద్దాయన వచ్చి, ‘ఎండలో ఎందుకు బాబూ, లోపలికి రా, చదవడానికి డబ్బులేం కట్టక్కర్లేదు’ అన్నారు. చెప్పులు విడిచి పోయినాను. ఏ ఊరని అడిగితే తడ అన్నాను. ఓహో పులికాట్ సరస్సు దగ్గరా అన్నారు. ఇంకేమీ అడగలేదు. అడగనందుకే ఆయనంటే నాకు ఇష్టం కలిగింది.

లోపల ఒకాయన బల్ల మీద పెద్ద బైండు పుస్తకం పరుచుకుని చూసి రాసుకుంటా ఉన్నాడు. మన అటెండెన్స్ రిజిస్టరు నాలుగు కలిపినంత ఉంటుంది. అది పుస్తకం కాదు, పాత ఆంధ్రపత్రికలు కలిపి కుట్టింది. కాగితం మా జేజి వక్కాకు రంగులోకి వచ్చేసింది. అంచులు ముట్టుకుంటే పొడి రాలతా ఉంది. ఆయన ఒక్కో పేజీ రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డని పక్క మార్చినట్టు తిప్పుతా ఉన్నాడు. ఒక పేజీలో అమృతాంజనం ప్రకటన కనిపించింది. మా జేజి నొసటికి రాసుకునేదే! ఆ పత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే అమృతాంజనం కూడా పెట్టారంట. పెద్దాయన చెప్పారు.

ఆ గ్రంథాలయం ప్రభుత్వం పెట్టింది కాదు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు మొదలుపెట్టారంట. వి.వి. శ్రేష్ఠి అంటారు. ఊరి వాళ్ళు తలా ఇంత వేసుకుని నిలబెట్టారు. 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఇప్పటికీ నడిపేది కమిటీ వాళ్ళే, దాతలిచ్చే డబ్బులతో. డెబ్భై వేల దాకా పుస్తకాలున్నాయంటారు. ఎక్కడెక్కడ నుంచో పరిశోధన చేసేవాళ్ళు పాత పత్రికల కోసం ఆ చిన్న ఊరికి వస్తారు. రాసేవాళ్ళకి వెనకటి వాళ్ళు ఏం రాశారో తెలియాలి గదా, అదంతా అక్కడ దాచి ఉంది.

నేను పెద్దాయన్ని ఒక తిక్క ప్రశ్న అడిగినాను. ఇన్ని పాత పేపర్లలో పనికిరానివి కూడా ఉంటాయి గదా, అవి కూడా ఎందుకు దాచినారు అని. ఆయన నవ్వి, ‘పనికిరానిదేదో మేమెట్లా చెప్పగలం? వంద ఏండ్ల తర్వాత వచ్చేవాడికి ఏం కావాలో వాడికే తెలుసు’ అన్నారు. అప్పుడు నాకు బావి పక్కన పడేసిన ముక్కలు గుర్తొచ్చాయి. కడుపులో తిప్పినట్టయింది. మామ వచ్చి పిలిచేదాకా ఏం చదివానో కూడా గుర్తు లేదు.

సెలవులయ్యాక తెలుగు సారుని అడిగితే ఇంకా చెప్పారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందరూ కలిసి సభ పెట్టారంట. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ముఖ్యులు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. ఆ తర్వాత ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువ మీద కొల్లూరు దిక్కున ఊళ్ళకి తిప్పారంట. పడవ రేవుకి వస్తే జనం వచ్చి పుస్తకాలు మార్చుకుని పోయేవాళ్ళు. ఇది వినగానే నాకు మన బకింగ్‌హామ్ కాలువ మతికొచ్చింది. అది పులికాట్లో నుంచే గదా పోయేది. మా తాత చిన్నప్పుడు ఆ కాలువలో ఉప్పు పడవలు, కట్టెల పడవలు పోయేవంట. పుస్తకాల పడవ ఎప్పుడన్నా వచ్చిందా తాతా అంటే, ‘వస్తే మాత్రం మేం ఏం చదవతాం రా’ అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

సోషల్ సారు ఇంకొక సంగతి చెప్పారు. నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య గారని ఉండేవారు. ఆయన యానాది కాదు, కానీ యానాదుల కోసం తిరిగారు. పుట్టుకతోనే మనుషుల్ని నేరస్థులుగా రాసుకునే చట్టం ఒకటి తెల్లదొరలు పెట్టింది ఉండింది. దాని మీద పోరాడిన వాళ్ళలో ఆయన ఒకరు. ఆ చట్టం 1952లో పోయింది. 1962లో ఆయన యానాదుల మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకం అచ్చు వేయించారు. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన మనల్ని అడిగి రాశారు, మంచే రాశారు. కానీ పొగ కుండ ఊదితే కండ్లు ఎట్లా మండతాయో ఊదినవాడు రాస్తే వేరేగా ఉండదా? అట్లాంటి కాగితం ఒకటి నేను రాసి నేనే చించుకున్నాను. పెన్సిలుతో రాసినవాడు పాడు చేసింది రెండు అంగుళాలు. పేజీ మొత్తం పోగొట్టింది నేను.

అందుకని మళ్ళీ రాస్తా ఉన్నా. మాటకి మాట గుర్తు లేదు.

వరి పొట్టకొచ్చాక రైతులు మా నాయన్ని పిలుస్తారు. ఆయన గట్టు మీద నడస్తా కలుగులు చూస్తాడు. వాకిట్లో కొత్త మన్ను ఉంటే లోపల ఎలక ఉన్నట్టు. సాలెగూడు కట్టి ఉంటే లేనట్టు. ఒక కలుగుకి నాలుగైదు వాకిళ్ళు ఉంటాయి. అవన్నీ వెతికి బురదతో మూస్తాడు. అడుగున బెజ్జం ఉన్న కుండలో గడ్డి పెట్టి అంటించి, కుండ మూతి కలుక్కి ఆనించి, బెజ్జంలో నుంచి ఊదతాడు. పొగంతా లోపలికి పోతుంది. తర్వాత తవ్వుతాడు. ఎలకలు దాచుకున్న వెన్నులు కూడా దొరుకుతాయి. ఒక్కోసారి చేటెడు వడ్లు అవుతాయి. నేను చిన్నప్పుడు తిన్న అన్నంలో ఆ వడ్లవి ఉన్నాయి. కలుగులో ఒక్కోసారి పాము ఉంటుంది. అందుకే చెయ్యి పెట్టే ముందు మన్ను వాసన చూస్తాడు. వాసనలో ఏం తెలుస్తుంది నాయనా అంటే, ‘తెలుస్తుంది’ అంటాడు, అంతే. ఊదీ ఊదీ ఆయన కండ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. హాస్టలుకి నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు తాగి వచ్చాడని కొందరు అనుకున్నారు. తాగి కాదు. ఆ రోజు తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా పొగ ఊది, కూలి డబ్బులతో నాకు బిస్కట్లు కొనుక్కొచ్చినాడు.

మొదటిసారి రాసినప్పుడు ఈ ఎర్ర కండ్ల సంగతి రాయలేదు. ఎగతాళి చేస్తారని వదిలేసినాను. మా అమ్మ సంగతి కూడా వదిలేసినాను. ఆమె సరస్సులో మోకాలు లోతు నీళ్ళలో కూర్చుని, తాటాకు బుట్ట పండ్లతో కరుచుకుని, రెండు చేతులతో అడుగు తడిమి రొయ్యలు పడుతుంది. ముందు పండ్లు రెండు ఊగతా ఉన్నాయి. ఆమె గురించి వచ్చే సంచికలో రాస్తాను.

ఆరో తరగతి తమ్ముడికి ఒక మాట. నీ మంచం దగ్గరికి నాలుగు సార్లు వచ్చి చెప్పలేక వెనక్కి పోయినాను. ఒకసారి నువ్వు ‘ఏందన్నా’ అని కూడా అడిగినావు. ఏం లేదు, నీ లెక్కల పుస్తకం కావాలి అన్నాను. నాకు ఆరో తరగతి లెక్కల పుస్తకం దేనికి? నువ్వు ఊడ్చింది మూడు రోజులు. సార్ ఒప్పుకుంటే సోమవారం నుంచి ఆరు రోజులు వరండా నేను ఊడుస్తాను. ఈ కాగితం ప్రేయర్లో చదవమన్నా చదువుతాను.

వార్డెన్ సారుకి ఒక మనవి. ఈ సంచిక దించినాక పారేయకుండా, సైన్సు బీరువా కింది అరలో పెట్టించండి. ఆ అర ఖాళీగానే ఉంది, నేను చూశాను. పోయిన ఏడాది సంచికలన్నీ మన నోటు పుస్తకాలకి అట్టలైపోయాయి. నా లెక్కల నోటు అట్ట లోపలి వైపు ఎవరో అన్న రాసిన కథ సగం ఉంది. తుపానుకి ఇల్లు పోయి, గుడ్లు పెట్టే కోడిని చంకలో పెట్టుకుని ఒక ముసలామె సూళ్ళూరుపేట రోడ్డెక్కుతుంది. అక్కడితో కాగితం అయిపోయింది. మిగతా సగం ఎవరి పుస్తకానికి అట్టగా ఉందో, ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి. కోడి ఏమయిందో చదవాలి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి