షాక్ అబ్సార్బరు, మా అబ్బోడు, నేను

మూడు నెలలుగా సంఘం మీటింగులకు ఎందుకు రాలేదని చాలామంది అడిగినారు. నేను, మా ఇంటామె అట్లాంటా దగ్గర మా అబ్బోడి ఇంట్లో ఉండినాము. అక్కడి సంగతి ఒకటి రాస్తాను. నేను చదివింది తమిళ మీడియం. ఒత్తులు తప్పుపోయి ఉంటే మన్నించండి.

మావాడి దగ్గర 1994 మాడల్ మాజ్దా మియాటా ఉంది. రెండే సీట్లు, టాపు తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు. కొన్నప్పుడు ఫోనులో చెప్తే, "ముప్పై ఏళ్ల పాత బండికి ఎవడైనా డబ్బు పోస్తాడా" అన్నాను. అంతే, మళ్లీ దాని మాట నాతో ఎత్తలేదు. మా ఇద్దరి మధ్య మాటలు ఎప్పుడూ అంతే. రైల్వే పరీక్షకు నేనే ఫారం నింపి ఇస్తే వాడు పోయి రాయలేదు. ఆ కోపంతో రెండేళ్లు వాడితో సరిగ్గా మాట్లాడలేదు నేను.

ఒక ఆదివారం కొండ దారిలో నన్ను కూర్చోబెట్టుకొని పోయినాడు. మలుపులో చిన్న గతుకు వస్తే వెనక చక్రం ఎగిరి పక్కకు జారింది. నా ప్రాణం పోయినట్టయింది. ఇంటికి వచ్చి కారు మూల మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కి వదిలినాను. ఒకసారి లేచి నిలబడాల్సింది, మూడుసార్లు ఊగింది. కింద చూస్తే షాక్ అబ్సార్బరు మీద ఆయిలు కారిన తడి. టైరు కూడా గుంటలు గుంటలుగా అరిగి ఉంది. "నాయనా, నీకు ఇది ఎట్లా తెలుసు?" అన్నాడు మావాడు.

పెరంబూరు క్యారేజ్ వర్క్స్ స్టోర్సులో ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టరు రాసినోణ్ణి. ఐసీఎఫ్ బోగీకి 600 కిలోల షాక్ అబ్సార్బర్లు ఎన్ని వచ్చినాయి, ఎన్ని పోయినాయి అని వేలసార్లు రాసినాను. మేస్త్రీలు మాట్లాడుకునేది చెవిన పడేది. కానీ ఒక్కటి కూడా నా చేత్తో పట్టుకొని బిగించింది లేదు.

వాడు కోనీ కంపెనీవి పసుపు రంగు అడ్జస్టబుల్ షాక్ అబ్సార్బర్లు నాలుగు తెప్పించినాడు. ఈ కంపెనీ రైళ్లకు కూడా చేస్తుందంటే నాకు సంతోషమయింది. గరాజులోనే రెండు రోజుల పని. బరువు మోసేది స్ప్రింగు. షాక్ అబ్సార్బరు బరువు మొయ్యదు. లోపలి ఆయిలును సన్న రంధ్రాల గుండా తోసి, స్ప్రింగు ఊపును వేడిగా మార్చి అణుస్తుంది. ఇది లేకుంటే స్ప్రింగు ఆగకుండా ఎగురుతానే ఉంటుంది.

స్ప్రింగును కంప్రెసరుతో రెండు పక్కలా సమంగా నొక్కి విప్పాలి. జారితే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకని ఎదురుగా నిలబడవద్దని వాణ్ణి పదిసార్లు అరిచినాను. ఈసారి కోపం తెచ్చుకోలేదు వాడు. విప్పిన బోల్టులను టీ కప్పుల్లో వేసి చీటీలు పెట్టడం నా పని. అలవాటులో తమిళంలో రాసేసినాను. వాడు చూసి నవ్వినాడు: "తెలుగు సంఘంలో ఉండి తమిళంలో రాస్తావా నాయనా? తెలుగులో రాయి, నేనూ నేర్చుకుంటా." వాడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. తప్పు ఎవరిది? ఇంట్లో నేర్పించని నాదే. మళ్లీ చీటీలు రాసినాను: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. సాయంత్రానికి నాలుగూ చదివినాడు.

రబ్బరు బుష్ ఉన్న బోల్టులను కారు నేల మీద నిలిచినాకే పూర్తిగా బిగించినాము. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించినాము.

ఆ షాక్ అబ్సార్బరు పైన చిన్న గుబ్బ ఉంటుంది. ముందువి బానెట్ కింద, వెనకవి డిక్కీలో. తిప్పేకొద్దీ గట్టిబడుతుంది. మావాడు నాలుగింటినీ చివరి దాకా బిగించినాడు. స్పోర్ట్స్ కారు కదా! కాంక్రీటు రోడ్డులో ప్రతి అతుకూ నా నడుములో దిగింది. పైగా బండి కుదురుగా లేదు. ఆ గుబ్బ నొక్కుడును కాదు, స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని పట్టుకుంటుంది. మరీ బిగిస్తే ఒక గతుకు నుంచి చక్రం కిందికి దిగేలోపే ఇంకో గతుకు వస్తుంది. చక్రానికి నేల అందదు. గట్టిగా ఉండేది పట్టు కాదని ఆ రోజే తెలిసింది.

రోడ్డు పక్కన ఆపి, పూర్తిగా వదులు చేసి, అక్కడి నుంచి అర చుట్టు మాత్రం బిగించినాడు. అదే కొండ దారి, అదే మలుపు, అదే గతుకు. చక్రం రోడ్డును వదల్లేదు. మరుసటి రోజు నడుము నొప్పి ఉన్న మా ఇంటామె కూడా ఎక్కి గుడికి పోయి వచ్చింది.

దారిలో చెప్పినాను వాడికి: "ఆ రైల్వే ఫారం విషయంలో నేను జాస్తిగా బిగించినాను రా." వాడు కొంచెంసేపు పలకలేదు. తరువాత, "నేనూ చెప్పకుండా పోయి ఉండకూడదు నాయనా" అన్నాడు. అంతే, ఇంకేమీ మాట్లాడుకోలేదు.

మీ బండ్లకు కూడా మూలను నొక్కి చూడండి. ఊగితే మార్చండి, రెండు పక్కలవీ కలిపే మార్చండి. ఒకటే మారిస్తే రెండు పక్కలా ఊపు సమంగా అణగదు.

నిన్న వాట్సాప్‌లో మావాడు ఒక ఫొటో పంపినాడు. గరాజు గోడకు ఆ నాలుగు చీటీలు అంటించి ఉన్నాయి. కింద అయిదోది, వాడి చేతిరాత, వంకర టింకరగా: నాయన. ఒత్తులు లేని మాట కాబట్టి తప్పు లేకుండా వచ్చింది.