మట్టి పొరల సాక్ష్యం

చరిత్ర అనగానే శాసనాలు, నాణేలు, కోటలు గుర్తుకు వస్తాయి. మానవుని సుదీర్ఘ జీవనయాత్రలో అవన్నీ నిన్నమొన్నటివే. అక్షరం పుట్టకముందు గడచిన లక్షల ఏళ్ల కథను చెప్పగలిగినవి రాళ్లు, ఎముకలు, మట్టి మాత్రమే. అటువంటి సాక్ష్యాన్ని దాచుకొన్న తావులలో నంద్యాల జిల్లా బేతంచర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలు ప్రసిద్ధమైనవి.

ఇక్కడి కొండలు సున్నపురాతివి. బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు యుగాల తరబడి ఆ రాతిని కరిగించి గుహలను తొలిచింది. వాటిలో మృగాలు తలదాచుకొన్నాయి. ఏదుపందులు ఎముకలను లోపలికి చేర్చి కొరికాయి. గుడ్లగూబలు తాము మింగిన ఎలుకల ఎముకలను అక్కడే కక్కాయి. వాటిపై ఏటేటా మట్టి పేరుకొంది. సున్నపు నేల ఎముకను త్వరగా శిథిలం కానీయదు. అందుచేత ఆ గుహలు ప్రకృతి స్వయంగా కూర్చిన భాండాగారాలయ్యాయి.

1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ గుహలను గూర్చి లోకానికి తెలియజేశాడు. సుమారు నలభై ఏళ్ల తరువాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇక్కడ తవ్వకాలు ప్రారంభించాడు. 1863లో మద్రాసు చేరువలోని పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త ఆయనే. ఆయన కుమారుడు హెన్రీ ఈ తవ్వకాలను కొనసాగించాడు. బయల్పడిన ఎముకలలో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. నేడు ఆ జంతువు ఆంధ్రదేశపు అడవులలో కానరాదు.

కొన్ని ఎముకలను ఆదిమానవుడు పనిముట్లుగా మలచుకొన్నాడని ఫుట్ భావించాడు. అయితే ఎముక మీది గీత మనిషి చేతిదా, ఏదుపంది పంటిదా? ఈ ప్రశ్నకు ఎముక ఒక్కటే సమాధానం చెప్పలేదు. అది ఏ పొరలో, ఎంత లోతున, దేని సరసన దొరికిందో తెలియాలి. అందుకే తవ్వేవారు నేలను గళ్లుగా విభజిస్తారు, చిన్న తాపీతో, కుంచెతో పొర తరువాత పొర తొలగిస్తారు, మట్టిని జల్లెడ పడతారు, ప్రతి వస్తువు దొరికిన చోటును నమోదు చేస్తారు. తవ్వకం ఒక విచిత్రమైన పఠనం. చదివిన పుట చదువుతుండగానే నశిస్తుంది. వ్రాసి ఉంచనిది శాశ్వతంగా పోతుంది. కనుకనే విజ్ఞులైన శాస్త్రవేత్తలు కొంత భాగాన్ని తవ్వకుండా రాబోయే తరాలకు విడిచిపెడతారు.

ఆ విడిచిపెట్టడంలోని విలువ బిల్లసర్గంలోనే రుజువైంది. మట్టి రేణువులు చివరిసారి ఎండను చూసి ఎన్నేళ్లయిందో లెక్కగట్టే విద్య ఫుట్ కాలంలో లేదు. మిగిలిన పొరలను ఆధునిక పద్ధతులతో పరిశీలించిన భారతీయ, విదేశీ శాస్త్రవేత్తలు 2014లో ఒక ఆశ్చర్యకరమైన ఫలితాన్ని ప్రకటించారు. అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 రకాలు కనీసం లక్ష ఏళ్లుగా భారత ఉపఖండంలో నిలిచి ఉన్నాయి. కరువులూ వాతావరణపు మార్పులూ వచ్చినా అవి అనువైన చోట్లకు తరలి ప్రాణం నిలుపుకొన్నాయి. అయితే అలా తరలడానికి ఆనాడు అడవులుండేవి. నేడు అడవులు తరిగిపోతున్నాయి.

బేతంచర్ల ప్రాంతం నాపరాతి గనులకు పేరెన్నికగన్నది. ఆ రాయి వేలమందికి కూడు పెడుతుంది, ఇళ్లకు నేల అవుతుంది. దాని విలువను కాదనలేము. కాని గనిలో పోయిన గుహను ఏ ధనమూ తిరిగి తేలేదు. ఏ కొండను తవ్వవచ్చునో, ఏ కొండను కాపాడుకోవాలో ముందుగా తెలుసుకోవడం విజ్ఞుల లక్షణం. మట్టి తన సాక్ష్యం చెప్పడానికి లక్ష ఏళ్లు వేచి ఉంది. దానిని వినేవరకు కాపాడడం ఈ తరం బాధ్యత.