ఉప్పు తిన్న స్లాబు

పెంకుటిల్లు కురుస్తుంది, తాటాకిల్లు కాలుతుంది, స్లాబు ఇల్లు మాత్రం మనవల దాకా నిలుస్తుంది అని మనందరికీ ఒక నమ్మకం. కానీ సముద్రం ఒడ్డు ఊళ్లలో పాత డాబాల్లోకి వెళ్లి ఒకసారి తలెత్తి చూడండి. చాలాచోట్ల పెచ్చులూడిపోయి, లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తాయి.

భీమిలిలో మా అమ్మమ్మ ఇల్లు కూడా అలాంటిదే. 1994లో తాతయ్య కట్టించారు. పెచ్చు రాలిన ప్రతిసారీ ఇంట్లో ఒకటే మాట: "ఆ మేస్త్రి సిమెంటు తినేశాడు." ఎదురు చెప్పడానికి ఆ మేస్త్రి ఇప్పుడు లేడు. పోయిన సెలవుల్లో మావయ్య పైన ఇంకో అంతస్తు వేద్దామన్నాడు. ఆ స్లాబు కింద పడుకునేది అమ్మమ్మ. నాకు భయం వేసింది. హాస్టల్‌కి తిరిగొచ్చాక సివిల్ చదివే ఫ్రెండ్‌ని, వాడి పుస్తకాల్నీ పట్టుకుని కూర్చున్నాను.

కాంక్రీటు బరువు మోస్తుంది గానీ, లాగితే పగులుతుంది. లాగుడుకి తట్టుకోవడం ఇనుము పని. ఎండకి రెండూ దాదాపు ఒకేలా సాగుతాయి కాబట్టి వాటి కాపురం సాగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. కాంక్రీటుకి క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద కంటికి కనిపించనంత పల్చటి పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. మా కంప్యూటర్ సైన్స్ వాళ్ల భాషలో ఫైర్‌వాల్ అనుకోండి.

ఆ పొరకి శత్రువులు ఇద్దరు. ఒకటి గాలిలోని కార్బన్ డయాక్సైడు. ఏళ్ల తరబడి లోపలికి దిగుతూ పీహెచ్‌ని 9 కంటే తగ్గించేస్తుంది. ఇది హైదరాబాదులో ఇళ్లకీ తప్పదు. రెండోది ఉప్పు. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలికి కొట్టుకొచ్చి గోడల మీద, స్లాబు మీద కూర్చుంటుంది. వానకి తడవడం, ఎండకి ఆరడం, మళ్లీ తడవడం. ఇలా ఉప్పులోని క్లోరైడు కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. చువ్వని తాకిందంటే, పీహెచ్ బాగానే ఉన్నా సరే, ఆ పొరకి చిల్లు పెడుతుంది. ఉక్కపోత, వేడి రెండూ కలిస్తే పని ఇంకా తొందరగా అవుతుంది. మా తీరంలో ఆ రెండింటికీ కరువు లేదు.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు కదా. ఉప్పు తిన్న చువ్వ నీళ్లతో పాటు ఆక్సిజన్ కూడా తాగుతుంది. పుట్టిన తుప్పు, కరిగిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోపల చోటు లేక కాంక్రీటుని బయటికి నెడుతుంది. మన నెత్తిన పడే పెచ్చు అదే.

దీనికి అడ్డు కవర్, అంటే చువ్వకీ కాంక్రీటు పైతలానికీ మధ్య ఉండే మందం. 2000లో వచ్చిన ఐఎస్ 456 ప్రకారం మామూలు చోట 20 మిల్లీమీటర్లు చాలు. తీరంలో ఉప్పు గాలికి చాటున ఉంటే 30, నేరుగా తగిలితే 45, అలలు వచ్చిపోయే చోట 75 ఉండాలి. అమ్మమ్మ గదిలో రాలిన పెచ్చుని స్కేలుతో కొలిస్తే, ప్లాస్టరింగ్ పోను 12 మిల్లీమీటర్లు వచ్చింది.

అంటే మేస్త్రి ఇంకో పది బస్తాల సిమెంటు కలిపినా ఆ 12 మిల్లీమీటర్లు 30 అవ్వవు. పైగా ఆ పట్టిక ఆ ఇల్లు కట్టిన ఆరేళ్లకి వచ్చింది. మేస్త్రుల సంగతి సరే, గోవాలో మాండవి నది మీద ఇంజనీర్లు కట్టిన వంతెన 1986లో కూలిపోయింది. కట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. లోపలి ఉక్కు తీగలు తుప్పు పట్టడమే కారణం.

ఇంకో విషయం నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. పెచ్చు ఊడినంత మేర సిమెంటు మెత్తి రంగు వేసేస్తే, దాని పక్కనే ఉప్పు పట్టిన పాత కాంక్రీటులో తుప్పు ఇంకా తొందరగా మొదలవ్వచ్చట. మా ఇంట్లో రెండుసార్లు అదే చేశారు. రెండుసార్లూ పక్కనే ఊడింది.

చివరికి ఒక ఇంజనీరు గారిని పిలిపించాం. ఆయన స్లాబంతా సుత్తితో తట్టుకుంటూ వెళ్లారు. గుల్లగా మోగిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీశారు. అమ్మమ్మ గదిలో సగం గీతలే. పై అంతస్తు మాట అక్కడితో ఆగింది. గుల్ల కాంక్రీటు చువ్వల వెనక దాకా తీసేసి, తుప్పు గీకి, మళ్లీ కట్టాలన్నారు. ఈలోపు అమ్మమ్మ మంచం ముందు గదిలోకి మారింది. "ఇన్నాళ్లూ ఆ మేస్త్రిని ఊరికే ఆడిపోసుకున్నాం" అని ఆవిడ మాత్రం రెండు మూడుసార్లు అంది.

మీ ఇంట్లోనో, చుట్టాలింట్లోనో స్లాబు వేస్తుంటే ఒక్క పని చేయండి. కాంక్రీటు పోసే ముందే ఎక్కి చువ్వల కింద చూడండి. కవర్ బ్లాకులు ఉన్నాయా, లేక దొరికిన కంకర రాళ్లు పెట్టారా? ఉంటే ఎంత మందం? కలిపే నీళ్లు ఉప్పగా లేవు కదా? అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు, అడగండి.